డంగురం కొట్టని కబురు

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ముగ్గురు టీచర్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పిల్లలకు దొంగ వార్తలు గుర్తుపట్టడం నేర్పాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. "సార్, మీరు అప్పుడే ఆ క్లాసు నడిపినారంట గదా, ఎట్ల నడిపినారో రవ్వంత చెప్పండి" అన్నారు. కాఫీ ఇప్పించాను, గంటసేపు మాట్లాడాను, వాళ్లు రాసుకున్నారు, సంతోషంగా వెళ్లిపోయారు. వాళ్ల మోటారు సైకిళ్లు సందు మలుపు తిరిగాక నాకు సిగ్గేసింది. గంటసేపూ నేను గెలిచిన సంగతులే చెప్పాను. ఓడిపోయిన సంగతి ఒకటుంది, దాన్ని గొంతులోనే మింగేశాను. సగం చెప్పి సగం దాచడం కూడా దొంగ వార్తే అని పిల్లలకు నేర్పినవాణ్ణి నేను. ఆ మిగిలిన సగం ఇది. పేర్లు రాయను. ఊరు చిన్నది, అందరూ అక్కడే బతకాలి.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. పాలు పోయించుకుంటే చెంబులో వేలు పెట్టి చూస్తాను. బస్సు మీద పావగడ అని బోర్డున్నా కండక్టర్ని అడిగే ఎక్కుతాను. కాకి అరిస్తే చుట్టాలొస్తారని లోకమంతా అనుకుంటే, ఆ కాకిది ఏ ఊరని నేను అడుగుతానట. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని వెంటబెట్టుకునే ముప్పయ్యేళ్ల పైన సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

చివరి తొమ్మిదేళ్లు సోలార్ పార్కు పక్క ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో పనిచేశాను. రోజూ వై.ఎన్.హొసకోట నుంచి స్కూటర్ మీద పోయి వచ్చేవాణ్ణి. సరిహద్దు ఊరు కాబట్టి బడిలో పాఠాలు కన్నడంలో, పోట్లాటలు తెలుగులో. అక్కడివాళ్లంతా వాననే నమ్ముకుని చెనక్కాయ వేసినవాళ్లు. విత్తితే వాన రాదు, వాన వస్తే ఊడ దిగి కాయ పట్టేవేళకు ఆగిపోతుంది. అట్లాంటి నేలను ఎవరో వచ్చి గుత్తకివ్వండి, ఎండ పండించుకుంటాం అంటే ఎవరైనా అనుమానించక ఏంచేస్తారు? నెలల తరబడి రచ్చబండ దగ్గర అదే మాట. చివరికి ఇచ్చారు. చూస్తుండగానే చేలన్నీ నీలం పలకలైపోయాయి. కంచె వేశారు, గేటు పెట్టారు, గేటు దగ్గర మనం ఎరగని మనిషిని నిలబెట్టారు.

కంచె అవతల ఏం జరుగుతుందో కనపడకపోతే మనిషి ఊహించుకుంటాడు. పలకలు మబ్బుల్ని తినేస్తున్నాయని ఒకరన్నారు. పలకలు కడిగిన నీళ్లు తాగి గొర్రెలు కడుపు పోయి ఈసుకుపోతున్నాయని ఇంకొకరు. అప్పటికే ఇంటింటికీ సెల్ ఫోన్ వచ్చింది కాబట్టి, పొద్దున ఒకడి నోట్లో పుట్టిన మాట మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టే బిసియూట గంట కొట్టేలోగా మా పిల్లల నోట్లో ఉండేది. నేను నవ్వుకునేవాణ్ణి, అంతకు మించి పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది ఒక తెల్లకారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో కంపెనీ ముద్ర వేసిన కాగితాలతో ఒకాయన దిగాడు. పార్కులో ఉద్యోగాలున్నాయి, ఒరిజినల్ మార్క్స్ కార్డులు ఇస్తే పరిశీలించి వారంలో తిరిగిస్తామని చెప్పి, పదో తరగతి దాటిన పిల్లల కార్డులన్నీ ఒక సంచిలో వేసుకుని పోయాడు. ఆ కారు మళ్లీ రాలేదు. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు కార్డు లేక ఆ ఏడు కాలేజీలో చేరలేకపోయాడు. వాడి తండ్రి బడికి వచ్చి, నా మీద కేకలు వేయలేదు, చేతులు కట్టుకుని అడిగాడు.

"పదేండ్లు సదివిస్తిరి గదా సామీ. మోసం ఎట్లుంటాదో ఒక్కనాడన్నా చెప్పకపోతిరే?"

ఆ శనివారం నుంచి ఉదయం బడి ఆఖరి పీరియడును నేను తీసుకున్నాను. పిల్లలు దానికి అనుమానాల పీరియడ్ అని పేరు పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు వచ్చిన కబుర్లు నోటుబుక్కులో రాసుకుని రావాలి, అందరం కలిసి దాన్ని చీల్చి చూడాలి. మొదటివారమే పలకల పక్కన చచ్చిపడిన గొర్రెల ఫోటో వచ్చింది. వెనక బెంచీలో ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు లేచి, "సార్, ఇవి మన పక్క గొర్రెలు కావు. మనవాటికి ఇంత ఉన్ని యాడుంటాది?" అన్నాడు. గొర్రెల ఇంటి పిల్లవాడు. ఆరోజు వాడికి చప్పట్లు కొట్టించాను. సోషల్ పుస్తకంతో నేను ఇన్నేళ్లలో చేయలేని పని ఒక దొంగ ఫోటో చేసింది.

తర్వాత తర్వాత మేము గుర్తులు కనిపెట్టాం. తొందరపెట్టే కబురును అనుమానించాలి. ఒరిజినల్ కాగితాలు అడిగితే అనుమానించాలి. సంతకం, ముద్ర లేకపోతే అనుమానించాలి. పది చేతులు మారి వచ్చిందైతే మరీ అనుమానించాలి. వీటన్నిటి మీద నా సొంత గుర్తు ఒకటి పెట్టాను. పంచాయతి వేయించే దండోరాను మా పక్క డంగురం అంటారు. నీళ్లు రాకపోయినా, గొర్రెలకు సూదులు వేసినా, గ్రామసభ పెట్టినా పంచాయతి తరఫున ఒక పెద్దాయన డప్పు కొట్టి వీధివీధిలో చెప్పి తీరాలి. ఆ ఊరికి అదే ఆచారం. ఫోనులో ఎన్ని వచ్చినా, డంగురం పడందే అది పంచాయతి మాట కాదని నేను తేల్చేశాను. పిల్లలు దాన్ని ఎక్కాల మాదిరి వల్లించేవారు.

ఊళ్లో నాకు పేరొచ్చింది. బస్టాండులో నిలబెట్టి, "సార్, ఈ మెసేజి సూడండి, నిజమా అబద్ధమా" అని అడిగేవారు. నేను ఫోను కాస్త దూరంగా పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, చదివీ చదవకముందే తీర్పు చెప్పేవాణ్ణి. పదిలో తొమ్మిది అబద్ధాలే కాబట్టి నా తీర్పూ పదిలో తొమ్మిదిసార్లు సరిపోయేది. అది నా తెలివి అనుకున్నాను.

ఇక ఆ అమ్మాయి సంగతి. మా బడిలో చదివి, పావగడలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసైంది. ఆ బ్యాచిలో ఆడపిల్లలు ఇద్దరే. తండ్రి లేడు. మూడెకరాల చేను పార్కులోకి పోయింది, తల్లి కొన్ని గొర్రెలు మేపుకుంటూ ఉంది. మేనమామ బెంగళూరులో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చూసిపెట్టాడు, ఆదివారం బస్సుకు పంపించమని కబురు చేశాడు. ఆ అమ్మాయికి పోవాలని లేదు. ఒకసారి నాతోనే అంది: "మా చేన్లో పెట్టినారు గదా సార్ ఆ పలకలు. వాటి వైరింగు నాకొచ్చు. నా చేతికిస్తే సాలు, ఇంగేమీ వద్దు." కుట్టుమిషను ముందు కూర్చోవడానికి కాదు గదా ఆ పిల్ల రెండేళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను పదో తరగతిలో ఉన్నాను. ఆ అమ్మాయి వాకిట్లో నిలబడి, "సార్, లోపలికి రావొచ్చా?" అంది. పరుగెత్తి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఫోను నా ముందు పెట్టింది.

ఒక కాగితానికి తీసిన ఫోటో అది. భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు పార్కులో ఒక కంపెనీ ట్రైనింగ్ ఇస్తుంది, పూర్తిచేసినవాళ్లకు అక్కడే పని. ఒరిజినల్ మార్క్స్ కార్డు, భూమి పహణి తీసుకుని శుక్రవారం నాలుగు గంటల లోపల పంచాయతి ఆఫీసుకు రావాలి. అంతే. సంతకం లేదు, ముద్ర లేదు.

"ఇది నిజమా సార్?" అంది. నిజమని చెప్పమని ఆ కళ్లు అడుగుతున్నాయి. అది నాకు కనిపించింది. కనిపించబట్టే ఇంకా జాగ్రత్తపడ్డాను. ఆశ పడేవాళ్లే మోసపోతారని నా లెక్క.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఎదురుగా నలభై మంది పిల్లలున్నారు, నాకు పాఠం దొరికింది. ఫోటోలో ఉన్నది చదివి వినిపించి, ఫోను ముందు బెంచీలకు చూపించి, "ఇందులో ఏమేం అనుమానాలుండాయో చెప్పండప్పా" అన్నాను. చేతులు లేచాయి. మూడు దినాలే గడువు సార్, తొందర పెడతాండారు. ఒరిజినల్ అడుగుతాండారు సార్, తెల్లకారోడు అడిగినట్ల. సంతకం లేదు సార్. చానా మంది పంపినారు సార్, రెండు బాణాలుండాయి చూడండి. ఒక్కొక్కటే బోర్డు మీద రాశాను. చివర్న నేను వెనక్కి తిరిగి, "డంగురం కొట్టినారా?" అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "లేదు సార్" అంది.

పక్క గదిలో పాఠం చెబుతున్న కన్నడ మేడం ఆ కేకకు వాకిట్లోకి వచ్చింది. విషయం విని, "సార్, పంచాయతి ఆఫీసు మన బడి వెనకాలే గదా. ఒకసారి పోయి అడిగితే పోలా?" అంది.

"పామని తెలిసినాక పుట్టలో చెయ్యి పెట్టి చూస్తారా మేడం?" అన్నాను.

పిల్లలు గొల్లుమన్నారు. మేడం తన గదికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి కాసేపు బోర్డు కేసి చూసింది. తర్వాత, "అట్లయితే తీసేస్తా సార్" అని నా కళ్ల ముందే ఆ ఫోటో తుడిచేసింది. తనతో మా బడిలో చదివిన ముగ్గురు స్నేహితురాళ్లకు కూడా ఇది మోసం, సారు చెప్పినారు, పోవద్దని అక్కడికక్కడే ఫోను చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక ఇంటిని మోసం నుంచి కాపాడానన్న తృప్తితో ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం కన్నడ మేడం ఓటర్ల జాబితా పనిమీద పంచాయతికి వెళ్లింది. వెళ్లిన పది నిమిషాలకే తిరిగొచ్చింది. స్టాఫ్ రూములో నేను ఒక్కణ్ణే ఉన్నాను.

"సార్, ఆడ పిల్లోళ్లు మార్క్స్ కార్డులు పట్టుకోని క్యూలో నిలబడినారు" అంది.

మీరు నమ్మండి నమ్మకపోండి, నాకు మొదట వచ్చిన ఆలోచన అయ్యో పాపం, వీళ్లందరూ మోసపోతున్నారే అని. పోలీసులకు ఫోను చేద్దామా అని కూడా అనుకున్నాను. చెప్పులు వేసుకుని, వాళ్లను కాపాడదామనే బయలుదేరాను.

పంచాయతి వరండాలో బల్ల వేసుకుని, నాకు ఏళ్లుగా తెలిసిన గుమాస్తా కూర్చుని ఉన్నాడు. పక్కన కంపెనీ మనిషి. ఒక్కొక్కరి కార్డు చూడడం, పేరు రాసుకోవడం, కార్డు అక్కడే వాళ్ల చేతికి తిరిగి ఇచ్చేయడం. సంచి లేదు, తెల్లకారు లేదు. గుమాస్తా నన్ను చూసి నవ్వాడు.

"ఏం సార్, మీ శిష్యురాలు రాలేదే? ఆయమ్మి పేరే మొదట రాసుకోవల్ల అనుకుంటిమి. ఎలక్ట్రీషియన్ చదివిన ఆడపిల్ల ఊర్లో ఇంగెవురుండారు?"

"దీనికి డంగురం ఎందుకు కొట్టించలేదప్పా?" అన్నాను. నేరం వాడిదే అన్నట్టు అడిగాను, ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది.

"కొట్టేటాయన కూతురి కాన్పుకని మడకశిర పోయినాడు సార్. అధ్యక్షులు ఊర్లో లేరు, సంతకం కాలేదు. దినాలు లేవని కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో వేసినా. అనుమానముండేటోళ్లు వచ్చి అడుగుతారులే అనుకుంటి. బడి ఈడే ఉండాది గదా."

గోడ గడియారం మూడు దాటింది. అమ్మాయికి ఫోను చేస్తే తగల్లేదు. ఇంటిపక్కవాళ్లు గొర్రెలతో ఏటికి పోయిందన్నారు. పినాకిని ఏట్లో నీళ్లు ఎటూ ఉండవు, ఫోను సిగ్నలూ ఉండదు. స్కూటరు ఇసుకలో దిగబడేదాకా పోయి, అక్కడినుంచి నడిచాను. తుమ్మచెట్టు నీడలో కూర్చుని ఉంది.

"పాపా, ఆ కబురు నిజమే. లే, పోదాం. నాలుగింటిదాకానే టైము" అన్నాను.

ఆ అమ్మాయి లేవలేదు.

"మీరే గదా సార్ మోసమంటిరి. ఇప్పుడు నిజమని ఎవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పడమేంది, నేనే చూసినా."

"కార్డులు తీసుకుంటాండారా, చూసి ఇచ్చేస్తాండారా?"

"ఇచ్చేస్తాండారు."

"కూర్చున్నోళ్లు మన పంచాయతోళ్లేనా సార్? పోయినసారి మాదిరి వేషమేసుకోని వచ్చినోళ్లు కాదు గదా?"

ఇంకే రోజైనా అయితే ఆ ప్రశ్నలకు నూటికి నూరు వేసేవాణ్ణి. ఆరోజు ఒక్కో ప్రశ్నా గడియారంలోంచి ఒక్కో నిమిషం తీసుకుపోతోంది. చివరికి గుమాస్తా పేరు చెప్పి, అన్నది అన్నట్టు చెప్పాక లేచింది. గొర్రెలను పక్కన ఉన్న ముసలామెకు అప్పజెప్పి స్కూటరెక్కింది.

ఇంటి దగ్గర ఇంకో గేటు. మార్క్స్ కార్డు, పహణి రేకుపెట్టెలో ఉన్నాయి, పెట్టె తాళంచెవి తల్లి కొంగున ఉంది. ఆమె కొంగు గుప్పిట్లో పట్టుకుని వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"నేనియ్యను సామీ. ఒరిజినల్ దేవుడొచ్చి అడిగినా ఇయ్యద్దని మీరే చెప్పి పంపిస్తిరి. మంగళారం అబద్ధమంటిరి. శుక్రారం నిజమంటాండారు. నేను దేన్ని నమ్మల్ల?"

"అమ్మా, తప్పు నాది. నేను కనుక్కోకుండా చెప్పినా" అన్నాను.

"ఇప్పుడు కనుక్కున్నేది మాత్రం సరిగ్గా కనుక్కుంటిరా?"

నేను నేర్పిన పాఠం కూతురి నోటి నుంచి తల్లికి, తల్లి నోటి నుంచి మళ్లీ నాకే వచ్చింది. కూతురు బతిమాలింది, తర్వాత ఏడ్చింది. ఏడుపు చూశాక ఆమె తాళం తీసింది. కార్డు మాత్రం కూతురి చేతికి కూడా ఇవ్వలేదు. "నేనే వస్తా, నా చేత్తోనే చూపిస్తా" అని స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. ముగ్గురం పోయాం.

పంచాయతి చేరేసరికి నాలుగుంపావు దాటింది. గుమాస్తా బల్ల లోపలికి మోస్తున్నాడు. కంపెనీ మనిషి జాబితా తీసుకుని జీపులో వెళ్లిపోయాడు. గుమాస్తా ఫోను చేశాడు, ఆయన ఎత్తలేదు. పార్కు గేటు దాకా పోయాం. పాసు లేదని గేటు దగ్గరి మనిషి ఆపేశాడు. గుమాస్తాతో ఫోన్లో మాట్లాడించాను. లోపలికి కబురు పంపితే ఎవరో ఆఫీసరు బయటికి వచ్చాడు. మర్యాదస్తుడే. నేను చెప్పిందంతా విన్నాడు, కన్నడంలో మెల్లగా జవాబు చెప్పాడు. జాబితా పంపించేశారట. గడువు దాటాక రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక కథ చెప్పుకుంటూ వస్తారట.

"మీది నిజమే కావొచ్చు మేష్ట్రే. అది నాకెట్లా తెలియాలి? ఫోన్లో పంచాయతి గుమాస్తానని ఎవరైనా చెప్పొచ్చు గదా" అన్నాడు.

నా క్లాసులో నేను అడిగే ప్రశ్న అదే. అడిగేవాడివైపు నిలబడితే అది ఎంత తెలివైన ప్రశ్నగా ఉంటుందో నాకు తెలుసు. అడిగించుకునేవాడివైపు నిలబడడం అదే మొదలు. తల్లి కార్డు పట్టుకున్న చెయ్యి ముందుకు చాచే ఉంది, ఆయన దాన్ని చూడనే లేదు. అమ్మాయి కంచె దగ్గరికి పోయి కాసేపు లోపలికి చూసి, "మా చేను ఆ మూలకుండాది సార్" అంది. నేను అటు చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

శనివారం అనుమానాల పీరియడులో పిల్లలకు జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పడం కష్టమైంది. ఒకసారి ఆగి నీళ్లు తాగాను. మంగళవారం చప్పట్లు కొట్టిన చేతులన్నీ డెస్కుల మీద ఊరికే ఉన్నాయి. అప్పుడే ఇంకో సంగతీ తెలిసింది. మోసం, పోవద్దని ఆ అమ్మాయి ఫోను చేసిన ముగ్గురిలో ఒకామె, సోషల్‌లో ఎప్పుడూ పాసు మార్కులకు అటూ ఇటూ ఊగిన పిల్ల, "సారు చెప్తే మాత్రం నిజమైపోతాదా" అని నేరుగా పంచాయతికి పోయి అడిగిందట. ఆమె పేరు జాబితాలో ఎక్కింది. నా పాఠం సరిగ్గా నేర్చుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

డంగురం పెద్దాయన మడకశిర నుంచి తిరిగొచ్చాక నేనే వెతుక్కుంటూ పోయాను. మనవడు పుట్టాడని సంబరంగా ఉన్నాడు. నా కష్టం చెప్పుకుని, "నీ డప్పు పడందే నమ్మకూడదని పిల్లోళ్లకు నేర్పినానన్నా" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"డప్పుకేం తెలుస్తాది సామీ? పంచాయతోళ్లు నిజం చెప్తే నిజం కొడతా, అబద్ధం చెప్తే అబద్ధం కొడతా. మోత రెండింటికీ ఒకటే. పోయినేడు ట్యాంకరొస్తాదని మూడుతూర్లు కొడితి. వచ్చిందా?"

రాలేదు. నాకూ గుర్తుంది. ముప్పయ్యేళ్లు అందరినీ అనుమానించిన నేను ఒక డప్పును, ఒక ముద్రను, అన్నిటికంటే ఎక్కువగా నా నోటిని అనుమానించలేదు. గురివింద గింజ సామెత పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు.

అంతకు ముందే, మేనమామ చెప్పిన ఆదివారం పొద్దున హొసకోట బస్టాండులో ఆ అమ్మాయి బెంగళూరు బస్సెక్కింది. ఒక బ్యాగు, ఒక గోనెసంచిలో చెనక్కాయలు, రాగిపిండి. తల్లి నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను కిటికీ దగ్గరికి పోయి, "నా వల్ల నీకు అన్యాయం జరిగింది పాపా. నా మీద కోపముంటే తిట్టు" అన్నాను. డ్రైవరు ఎక్కి కూర్చున్నాక అంది.

"మీరు తప్పు చెప్పినారని కాదు సార్ నా కోపం. మీ మాటను కూడా ఒకతూరి అనుమానించల్లని నాకు తోచలేదు గదా, దానికి."

బస్సు వెళ్లిపోయింది. ఆ కంపెనీ ఆ ట్రైనింగ్ మళ్లీ పెట్టలేదు. రెండేళ్లు అక్కడా ఇక్కడా కనుక్కుంటూనే ఉన్నాను.

ఆమె వెళ్లిన తరవాతి శనివారం బోర్డు మీద గుర్తులన్నీ తుడిపేశాను. ఈ ఏడాది సారు చెప్పినవాటిలో తప్పులు ఏవో కనుక్కుని రావాలి, ఊరికే అనుకుని రాకూడదు, పోయి అడిగి, చూసి రావాలి అని పిల్లలకు పని ఇచ్చాను. హెడ్మాస్టరు, "ఇదేం పని సార్, మన మర్యాద ఏం కావల్ల?" అన్నాడు. కన్నడ మేడం మాత్రం ఆరోజు తన టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది. వారానికి పిల్లలు పన్నెండు తప్పులు తెచ్చారు. మూడు నేను ఒప్పుకోలేదు, పంచాయతికీ పావగడ ఆసుపత్రికీ పోయి కనుక్కుంటే అందులో రెండు పిల్లలవే నిజం.

నిలబడిన పదకొండింటినీ బోర్డు మీద రాశాం. వాటిలో ఆ అమ్మాయి సంగతి లేదు. నా మొహం చూసి వదిలేసినట్టున్నారు. బోర్డును ఫోటో తీసి ఆమెకు బెంగళూరుకు పంపాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడోనాడు పొద్దున, ప్రార్థన గంటకు ముందు వచ్చింది.

"ఒకటి తక్కువుండాది సార్."

క్లాసులోకి పోయి, సుద్దముక్క తీసుకుని, పిల్లలందరూ చూస్తుండగా పన్నెండోది నేనే రాశాను.